నురుగు గుంట

సోమవారం పొద్దున ఆ ఫారం విమానాశ్రయపు ఫైర్ స్టేషన్‌కు వచ్చే వేళకు గుట్టోర్మ్ రన్‌వే మీద ఆల్చిప్పలు ఏరుతున్నాడు.

గ్రిమ్‌వేర్ దీవిలో సీగల్ పక్షులకు ఆ తారునేల కన్నా మంచి బండ దొరకదు. సముద్రం వెనక్కి తగ్గగానే ఆల్చిప్పలు ముక్కున కరుచుకుని పైకి లేస్తాయి. రన్‌వే నడిమికి వచ్చి వదిలేస్తాయి. పగిలినదాంట్లోంచి మాంసం పొడుచుకు తిని తమ దారిన తాము పోతాయి. మిగిలిన పెంకులు ప్రొపెల్లరు గాలికి లేచి ఎక్కడ తగిలినా ముప్పే. అందుకని మొదటి విమానానికి నలభై నిమిషాల ముందు ఎవరో ఒకరు పసుపుపచ్చ జీపులో ఎనిమిది వందల మీటర్లూ తిరిగి, దిగి, వంగి, ఏరాలి. ఇద్దరు ముగ్గురు చేసే పనే, గుట్టోర్మ్ డ్యూటీలో ఉంటే మాత్రం ఇంకెవరికీ ఇవ్వడు.

అక్టోబరు నెలాఖరు. అసలు మంచు ఇంకా పడలేదు కానీ తారు మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి పొర పేరుకుంది. పడమటి చివరకు రాగానే అతను రోజూలాగే తల పక్కకు తిప్పకుండా బండిని వెనక్కి మళ్ళించుకున్నాడు. అక్కడ ఇనప కంచె లోపల నురుగు గుంట ఉంది. ఒకప్పుడు ప్రతి గురువారం అందులో విమానపు నూనె పోసి తగలబెట్టేవాళ్ళు. మధ్యలో నిలబెట్టిన ఇనప విమానం నల్లగా కాలుతుంటే ఫైరింజన్ నెత్తి మీది ఫిరంగిలోంచి నురుగు కొట్టి ఆర్పేవాళ్ళు. ఆ నురుగు అద్భుతమైనది. మంట మీద దుప్పటిలా పరుచుకుని నిమిషం తిరిగేలోపు ఊపిరాడకుండా చేసేది. ఇప్పుడా గుంటలో గడ్డి కూడా సరిగా మొలవదు. నేలలోంచి నాలుగు ప్లాస్టిక్ గొట్టాలు పైకి పొడుచుకుని ఉన్నాయి. మూడు నెలలకొకసారి ఎవరో వచ్చి వాటిలోంచి నీళ్ళు సీసాల్లో పట్టుకుపోతారు. కంచెకు కట్టిన బోర్డు మీద ఇక్కడి నేల తవ్వకూడదని, దిగువ చెరువులో చేపలు తినకూడదని రాసి ఉంది.

జీపు దిగి స్టేషన్‌లోకి రాగానే రెనాటె గదిలోంచి పిలిచింది.

"గుట్టోర్మ్, కాఫీ పోసుకుని రా. వచ్చి ఆ తలుపు వేసెయ్."

రెనాటె విమానాశ్రయానికి అధికారి. గుట్టోర్మ్ కన్నా ఇరవై ఏళ్ళు చిన్నది. పెద్ద ఊరి నుంచి వచ్చి నాలుగేళ్ళయింది, మంచు పడ్డ రోజుల్లో తనూ పార పట్టుకుని బయటికొస్తుంది. ఆ స్టేషన్‌లో చలికి తప్ప ఎవరూ తలుపులు వెయ్యరు. గుట్టోర్మ్ కప్పు బల్ల మీద పెట్టి, తలుపు వేసి, కూర్చున్నాడు.

"ఐలిఫ్ తన జబ్బు ఇక్కడి పని వల్లే వచ్చిందని అప్పీలు పెట్టాడు కదా," అంది. "వృత్తి వ్యాధుల బోర్డు వాళ్ళు ఈ ఫారం పంపించారు. ఆ రోజుల్లో శిక్షణ ఇచ్చిన మనిషి నింపాలట. శుక్రవారంలోపు."

ఒకే కాగితం, ఆరు ప్రశ్నలు. మొదటి మూడూ తేదీలు, పేర్లు. నాలుగో దాని దగ్గర గుట్టోర్మ్ వేలు ఆగింది. 'నురుగు ద్రావణం వాడేటప్పుడు గ్లౌజులు, మాస్కు ధరించాలన్న నియమం ఆ కాలంలో ఉండేదా?' కింద రెండు గళ్ళు. ఉండేది. లేదు.

"ఉండేది," అంది రెనాటె. "పుస్తకంలో ఉంది. నేను చూశాను. టిక్కు పెడితే అబద్ధమేం కాదు."

"వేసుకునేవాళ్ళా అని అడగలేదు."

"అడగలేదు."

"ఎందుకు అడగలేదంటావ్?"

రెనాటె కప్పుని బల్ల మీద ఒక చుట్టు తిప్పింది. "పై ఆఫీసు లాయరు ఫోన్ చేశాడు. అడిగినదానికే జవాబు రాయమనండి అన్నాడు. అతనన్నమాట నీకు చెప్తున్నా, అంతే. అబద్ధం రాయమనట్లేదు. ఆ మాట నా నోట రాదు."

"తెలుసు."

"ఇంకోటి కూడా చెప్తా. అప్పట్లో శిక్షణ నీ చేతిలో ఉండేది. ఎక్కువ రాస్తే ముందు నీకే చుట్టుకుంటుంది."

గుట్టోర్మ్ ఫారాన్ని రెండు మడతలు పెట్టి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. కాఫీ తాగకుండానే లేచాడు.

షెడ్డులో యోమార్ అప్పటికే ఫైరింజన్‌కు రోజువారీ పరీక్ష మొదలెట్టాడు. ముప్పై రెండేళ్ళ గట్టి మనిషి, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూనే ఉంటాడు. పంపు నడిపించి, ఒత్తిడి పది దాటాక ఫిరంగిని ఎడమకీ కుడికీ తిప్పి, నీళ్ళు కంకర మీదకి ఒక్క క్షణం వదిలి ఆపాలి. గుట్టోర్మ్ ఒత్తిడి మీటరు ముల్లు చూస్తూ నిలబడ్డాడు.

"ఈ కొత్త ఫోమ్ ఏం బాలేదు," అన్నాడు యోమార్. "మొన్న ట్రేలో నూనె ఆర్పడానికి రెండుసార్లు కొట్టాల్సొచ్చింది. పాతదైతే ఒక్క దెబ్బకే పోయేదట కదా?"

"పోయేది."

"చేతులకేమైనా తెలిసేదా? మంటలాగా?"

"ఏం తెలిసేది కాదు." గుట్టోర్మ్ ముల్లు మీంచి కళ్ళు తియ్యలేదు. "పని అయ్యాక అదే ద్రావణంతో బండి కడిగేవాళ్ళం. జిడ్డు ఇట్టే వదిలేది. చేతులు కూడా."

యోమార్ నమలడం ఆపాడు. పంపు కట్టేశాడు.

మంగళవారం సాయంత్రం నాలుగింటికి డ్యూటీ దిగి గుట్టోర్మ్ ఐలిఫ్ ఇంటికి వెళ్ళాడు. మంగళవారాలు వెళ్ళడం ఏప్రిల్ నుంచి అలవాటు. ఇల్లు జలసంధి ఒడ్డున, విమానాలు దిగే దారికి సరిగ్గా కిందే ఉంటుంది. ఐలిఫ్ భార్య ఓస్‌హిల్డ్ వృద్ధాశ్రమంలో నర్సు. ఇంకా ఆశ్రమం నీలం చొక్కాలోనే ఉంది. తలుపు తీసి, "బూట్లు అక్కడే వదిలెయ్, వాఫుల్స్ వేస్తున్నా. ఆయన తినడు, నువ్వైనా తిను," అంది.

ఐలిఫ్ కిటికీ పక్కన పడక కుర్చీలో ఉన్నాడు. ఒకప్పుడు ఒక్కడే నూరు కిలోల శిక్షణ బొమ్మను భుజాన వేసుకుని ఇనప విమానంలోంచి బయటికి లాక్కొచ్చిన మనిషి. ఇప్పుడు స్వెట్టరు లోపల భుజాలు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. ఎడమ కిడ్నీ ఏప్రిల్‌లో తీసేశారు. ఆగస్టులో రెండోదాంట్లోనూ, ఊపిరితిత్తుల్లోనూ మచ్చలు కనబడ్డాయి.

"రారా," అన్నాడు. "నీ మోకాలు ఎలా ఉంది? నాకంటే ముందు అదే పోయేట్టుంది."

"దానికింకా రెండేళ్ళ సర్వీసుంది."

"ఇవాళ పన్నెండున్నర విమానం ఎంత వంకరగా దిగింది చూశావా? ఆడపిల్ల నడుపుతోందా?"

"మగాడే. కొత్తవాడు."

"అనుకున్నా. ఆడపిల్లలు బాగా దించుతారు." నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఆగేదాకా గుట్టోర్మ్ కిటికీలోంచి నీళ్ళకేసి చూశాడు. ఓస్‌హిల్డ్ వాఫుల్స్, జామ్, గోధుమరంగు జున్ను తెచ్చి పెట్టి, ఐలిఫ్ మోకాళ్ళ మీద దుప్పటి సర్దింది. సర్దాక కూడా చెయ్యి అక్కడే ఉంచింది.

"బోర్డు వాళ్ళ దగ్గర్నుంచి నీకేమైనా వచ్చిందా?" అంది.

"వచ్చింది. నిన్న."

"ఏం అడిగారు?"

"తేదీలు. నియమాలు."

"నియమాలు," అన్నాడు ఐలిఫ్. "మనం గ్లౌజులేసుకున్నామని ఎవడైనా చెప్తే చెవి కోసిస్తా. ఎర్రటి గ్లౌజుల పెట్టె ఒకటి ఉండేది గుర్తుందా? క్రిస్మస్‌కి పందిమాంసం పొగబెట్టేటప్పుడు నేనే రెండు జతలు పట్టుకుపోయా. కొత్తవి. సీలు కూడా విప్పలేదు."

ముగ్గురూ నవ్వారు. నవ్వు అయిపోయాక ఐలిఫ్ చేతులకేసి చూసుకున్నాడు.

"నాకు డబ్బు మీద ఆశ లేదురా. ఉంటే ఓస్‌హిల్డ్‌కి మంచిదే, కాదనను. కానీ నాక్కావలసింది ఒక్క లైను. పని వల్ల వచ్చింది అని. మొదటిసారి కాదన్నప్పుడు ఏం రాశారో తెలుసా? కారణం తెలియరాలేదు, ధూమపానం ఉండవచ్చు. నేను జన్మలో సిగరెట్ ముట్టుకోలేదు. ముట్టుకుని ఉంటే కనీసం ఆ సరదా అయినా దక్కేది."

"రాస్తాను," అన్నాడు గుట్టోర్మ్.

"నువ్వు రాస్తావని నాకు తెలుసు. నువ్వు రాస్తే చాలు. మిగిలిందెవరు? స్వెర్రె పోయాడు. ఊల్రిక్ స్పెయిన్‌లో ఎండ కాగుతూ ఉత్తరాలకి జవాబివ్వడు. నువ్వూ నేనూ. నా మాట ఎలాగూ నమ్మరు, జబ్బు నాది కాబట్టి."

గుట్టోర్మ్ రెండు వాఫుల్స్ తిన్నాడు. రుచి తెలియలేదు. వెళ్ళేటప్పుడు ఐలిఫ్ కుర్చీలోంచే చెయ్యి చాపి అతని మోచేతి మీద ఒకటి కొట్టాడు, పాతికేళ్ళుగా డ్యూటీ దిగేటప్పుడు కొడుతున్నట్టే.

బుధవారం పొద్దుటి విమానానికీ మధ్యాహ్నపు విమానానికీ మధ్య గుట్టోర్మ్ సామాన్ల గదిలోకి వెళ్ళాడు. పాత హెల్మెట్లు, గడువు తీరిన గాలి సిలిండర్లు, ఒక మూల అరల నిండా ఫైళ్ళు. నియమాల పుస్తకం ఉన్న నీలం ఫైలు పైనుంచి రెండో అరలో ఉంది. ఎక్కడుందో అతనికి చూడకుండానే తెలుసు. దాన్ని తీసి కిందికి దించుకుని గాలి సిలిండర్ల పెట్టె మీద కూర్చున్నాడు.

నియమం పదహారో పేజీలో ఉంది. ఒకటిన్నర లైను. దాన్ని చూసి అతను ఆగలేదు. చివరిదాకా తిప్పాడు. వెనక అట్టకి ముందు, ప్లాస్టిక్ జేబులో, పసుపుపచ్చ కాగితం ఉంది.

అది 2001 సెప్టెంబరులో కొత్త డ్రమ్ములతో పాటు వచ్చింది. తయారుచేసినవాళ్ళు పంపిన హెచ్చరిక. చర్మానికి తగలనివ్వరాదు. ఆవిరి, తుంపర పీల్చరాదు. నేలలోకి, నీటిలోకి పోనివ్వరాదు. శరీరంలో చేరితే బయటికి పోవడానికి ఏళ్ళు పట్టవచ్చు. కింద మూలన నీలం ఇంకుతో 'చదివాను' అని, తన పేరులో మొదటి అక్షరాలూ, తేదీ. తన చేతిరాతే. అప్పట్లో అక్షరాలు ఇంకా నిటారుగా ఉండేవి.

ఆ రోజు ఆ కాగితం పట్టుకుని అప్పటి అధికారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన ఇప్పుడు లేడు. ఆయన చదివి, 'సముద్రపు నీళ్ళ డ్రమ్ము మీద కూడా ఇలాగే రాస్తారు, లాయర్ల పని. ఫైల్లో పెట్టు. మనవాళ్ళని బెదరగొడితే గురువారం గుంటలో ఎవడు దిగుతాడు?' అన్నాడు. గుట్టోర్మ్ ఫైల్లో పెట్టాడు. తర్వాతి గురువారం ఐలిఫ్ మోకాళ్ళలోతు నురుగులో నిలబడి, ఇదేంటి నోట్లో పడితే తియ్యగా ఉంది అంటే, 'భయపడకురా, సబ్బు నీళ్ళే' అన్నాడు. అన్నాక తనూ దిగాడు. మాస్కు లేకుండా. తానూ దిగాను కదా అని ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చాడు.

ప్లాస్టిక్ జేబులోంచి కాగితం బయటికి తీశాడు. గదిలో ఎవరూ లేరు. పొట్లం కట్టుకొచ్చిన రొట్టె కాగితంతో పాటు ఉండచుట్టి పడేస్తే అయిపోతుంది. దాన్ని చూసినవాళ్ళలో బతికున్నది తనొక్కడే. ఫారంలో గ్లౌజులు వేసుకోలేదని మాత్రం రాస్తే ఐలిఫ్‌కి కావలసిన సాయం అందుతుంది, తనకూ ఏం కాదు. ఆ ఆలోచన ఎంత సులువుగా వచ్చిందో చూసి అతని చెవులు వేడెక్కాయి.

అయితే ఇంకో మాట కూడా తట్టింది. ఇరవై ఏళ్ళ కిందటి సంగతి ఒక ముసలివాడు గుర్తు తెచ్చుకుని రాస్తే బోర్డులో ఎవరు లెక్కపెడతారు? కాగితం ఉంటే వేరు. ఆ ద్రావణం ప్రమాదమని తయారుచేసినవాళ్ళే చెప్పినట్టు రుజువు. తేదీ ఉంది. సంతకం ఉంది.

గురువారం మధ్యాహ్నం, గాలి ఎక్కువై పన్నెండున్నర విమానం రద్దయింది. స్టేషన్‌లో అందరూ ఊరికే కూర్చున్నారు. గుట్టోర్మ్ వంటగది బల్ల మీద ఫారం పరిచాడు. 'ఉండేది' అన్న గడిలో టిక్కు పెట్టి, ఇతర వివరాలకు ఇచ్చిన రెండు లైన్లూ వదిలేసి, వెనక్కి తిప్పి తెల్ల వైపు రాయడం మొదలుపెట్టాడు. రాయడం అలవాటు లేని మనిషి. ఒక్కో వాక్యం పెదాలతో చదువుకుని పెట్టాడు.

'నియమం ఉండేది. ఎవరూ పాటించలేదు. పాటించమని నేను చెప్పలేదు. చెప్పడం నా పని. 1994 నుంచి 2011 వరకు ప్రతి గురువారం, శీతాకాలం తప్ప, ఐలిఫ్ నా ఎదురుగా గ్లౌజులూ మాస్కూ లేకుండా నురుగులో నిలబడ్డాడు. నేనూ అలాగే దిగాను. ఇది ప్రమాదమని 2001లో నాకు కాగితం వచ్చింది. జతపరిచాను. అది మనుషులకి చదివి వినిపించలేదు. సబ్బు నీళ్ళని చెప్పాను. వేసవి పండక్కి పిల్లలు ఆడుకోవడానికి ఆ నురుగే పోశాం. అందులో గెంతిన పిల్లల్లో నా కూతురు కూడా ఉంది.'

ఆఖరి వాక్యం రాశాక చాలాసేపు పెన్ను ఎత్తలేదు. కిటికీ బయట గాలి దిశ చూపే సంచి అడ్డంగా బిగదీసుకుని కొట్టుకుంటోంది.

రెనాటె నిలబడే చదివింది. చదివి, కూర్చుని, మళ్ళీ చదివింది.

"ఈ పసుపుపచ్చ కాగితం సంగతి ఐలిఫ్‌కి తెలుసా?"

"తెలీదు."

"కేసులో అతనికి ప్రతి కాగితం నకలు వెళ్తుంది. అది తెలుసా నీకు?"

గుట్టోర్మ్‌కి ఆ సంగతి తట్టలేదు. తట్టలేదని ముఖంలో కనబడింది. "తెలుసు," అన్నాడు.

"ఇది తీసేసి పంపినా నీ మాట చెల్లుతుంది."

"కాగితం లేకపోతే నమ్మరు, రెనాటె. కాగితముంటేనే నమ్ముతారు."

రెనాటె తనే లేచి స్కానర్ మూత ఎత్తింది. లాయరుకి ఫోన్ చెయ్యలేదు, ఆ మాత్రం చేసింది.

ఆ సాయంత్రమే వెళ్ళి ఐలిఫ్‌కి తన నోటితో చెప్పాలనుకున్నాడు గుట్టోర్మ్. ఒడ్డు దాకా వెళ్ళాడు. కిటికీలో ఓస్‌హిల్డ్ భర్తకి జుట్టు కత్తిరిస్తోంది. భుజాల మీద తువ్వాలు, ఆమె ఏదో అంటోంది, అతను కదలొద్దంటే కదులుతున్నాడు. తీర్పు రానీ అనుకున్నాడు గుట్టోర్మ్. మంచి కబురు చేతిలో ఉంటే చెప్పడం తేలికవుతుంది. జీపు వెనక్కి తిప్పాడు. తర్వాతి మంగళవారం వెళ్తే ఓస్‌హిల్డ్ తలుపు దగ్గరే ఆపి, మందు ఎక్కించారు, నిద్రపోతున్నాడు అంది.

రోగి పరిస్థితిని బట్టి బోర్డు త్వరపడింది. ఎనిమిదో రోజున, శుక్రవారం, తీర్పు వచ్చింది. పొద్దున పది గంటలకు ఓస్‌హిల్డ్ ఫోన్ చేసి ఒక్క మాట అంది: "రా." డ్యూటీలో ఉన్న మూడో మనిషికి ఫైరింజన్‌లో తన చోటు అప్పగించి గుట్టోర్మ్ జీపెక్కాడు.

ఈసారి వాఫుల్స్ వాసన లేదు. బూట్లు వదిలెయ్యమని ఎవరూ అనలేదు. ఐలిఫ్ అదే కుర్చీలో ఉన్నాడు, కత్తిరించిన జుట్టుతో తల మరీ చిన్నదైనట్టుంది. దుప్పటి మీద కాగితాలున్నాయి. ఓస్‌హిల్డ్ వాటిలోంచి ఒకటి తీసి గుట్టోర్మ్ చేతికిచ్చింది.

"చదువు," అంది. "గట్టిగా. ఆయనకి అక్షరాలు అలుక్కుపోతున్నాయి, నేనిప్పటికి రెండుసార్లు చదివా. ఇంక నావల్ల కాదు."

గుట్టోర్మ్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. "రక్షణ సామగ్రి వాడాలన్న నియమం ఉన్నట్టూ, హెచ్చరిక పత్రం 2001లోనే కార్యస్థలానికి అందినట్టూ జతపరిచిన పత్రం వల్ల రుజువైంది," అని చదివాడు. "అందువల్ల సంస్థ తన బాధ్యత నిర్వర్తించినట్టు భావించాలి. ఆ నియమాన్ని ఆచరణలో పాటించలేదన్న వాదనకు ఒకే ఒక్క వ్యక్తి మాట ఆధారం. సదరు వ్యక్తి కూడా అదే ద్రావణానికి గురైనట్టు స్వయంగా పేర్కొన్నందున, భవిష్యత్తులో ఇటువంటి దరఖాస్తే పెట్టుకునే అవకాశం ఉన్నందున, అతని వాంగ్మూలానికి ఎక్కువ విలువ ఇవ్వలేము."

ఆగాడు.

"ఇంకో లైనుంది," అంది ఓస్‌హిల్డ్.

"అప్పీలు తిరస్కరించడమైనది."

కాగితం సగం నమ్మారు. ఏ సగం అవసరమో ఆ సగమే. గుట్టోర్మ్ దాన్ని మడవబోయి, అది తనది కాదని గుర్తొచ్చి, దుప్పటి మీద పెట్టాడు.

"నేను సాయమవుతుందనుకున్నాను," అన్నాడు.

"ఆ సంగతి వదిలెయ్," అన్నాడు ఐలిఫ్. గొంతు చాలా మామూలుగా ఉంది. "వాళ్ళు ఎలాగూ కాదనేవాళ్ళే. నువ్వేం రాసినా ఒక దారి వెతుక్కునేవాళ్ళు. అది కాదు నేనడిగేది." దుప్పటి మీది కాగితాల్లోంచి పసుపుపచ్చ కాగితం నకలు తీశాడు. నకలులో అది బూడిదరంగులో ఉంది. "ఇది నువ్వు చదివావు."

"చదివాను."

"సెప్టెంబరు పన్నెండు."

"అవును."

"అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్ళు. ఇది చదివాక పదేళ్ళు. పదేళ్ళు నాతోబాటు అన్నం తిన్నావు. ప్రతి గురువారం."

"నేనూ దిగాను ఐలిఫ్. నీ పక్కనే ఉన్నాను. మాస్కు లేకుండానే."

"నువ్వు తెలిసి దిగావు." ఐలిఫ్ ఊపిరి కోసం ఆగాడు. ఓస్‌హిల్డ్ ముందుకు రాబోతే చేత్తో వద్దన్నాడు. "నాకు చెప్పి ఉంటే గ్లౌజులేసుకునేవాణ్ణా? ఏమో. వేసుకోకపోదునేమో. ఎర్ర గ్లౌజులతో పందిమాంసం పొగబెట్టినవాణ్ణి. కానీ అది నేను తేల్చుకోవాల్సింది. నువ్వు కాదు."

గుట్టోర్మ్‌కి చెప్పడానికి ఒక మాట ఉంది. అప్పటి అధికారి ఫైల్లో పెట్టమన్నాడని. అది నిజం కూడా. నాలుక మీదికి వచ్చింది, అక్కడే ఉండిపోయింది. ఆ మనిషి చచ్చిపోయాడు, పెట్టిన చెయ్యి మాత్రం తనది.

"ఏప్రిల్ నుంచి ఇరవై ఎనిమిది మంగళవారాలు వచ్చావు," అంది ఓస్‌హిల్డ్. ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి. "నేను లెక్కపెట్టాను. ఎంత మంచివాడు అని అందరికీ చెప్పుకున్నాను. ఒక్క మంగళవారం చెప్పొచ్చు కదా గుట్టోర్మ్. ఈ కాగితం పోస్టులో రావాలా మాకు?"

ఇంటి మీదుగా పదిన్నర విమానం దిగింది. కిటికీ అద్దాలు సన్నగా వణికాయి. మామూలుగా అయితే ఐలిఫ్ తల ఎత్తి, ఎలా దింపుతున్నాడో చూసేవాడు. ఇవాళ ఎత్తలేదు.

"నీ ఎడమ చేతి వైపు తలుపుంది," అన్నాడు, పొగలో దారి చెప్పేటప్పటి గొంతుతో.

గుట్టోర్మ్ బయటికొచ్చి జీపులో కూర్చున్నాడు. తాళం చెవి పెట్టిన గుర్తుంది. ఒడ్డున రాళ్ళ మీద నాచుని అలలు ఎత్తి దించుతున్నాయి. స్టేషన్ నుంచి వైర్‌లెస్‌లో యోమార్ రెండుసార్లు పిలిచాక గాని బండి కదలలేదు.

ఆ మర్నాడు, శనివారం, తొమ్మిదింటికి టవర్ నుంచి కబురొచ్చింది. ప్రధాన భూభాగం నుంచి అంబులెన్స్ విమానం వస్తోంది, రోగి ఒకరు, స్ట్రెచర్, తోడు ఒకరు. పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేదని రెనాటె ముఖం చూస్తే తెలిసింది.

"కావాలంటే నేను ఇంకెవర్నైనా పిలుస్తాను," అంది. "నీ బదులు."

"ఇవాళ డ్యూటీలో నేనూ యోమారే. అరగంటలో ఎవరొస్తారు?" అన్నాడు గుట్టోర్మ్, అగ్నిమాపక దుస్తులు తొడుక్కుంటూ. "పడవ కూడా లేదు."

విమానం దిగేటప్పుడూ లేచేటప్పుడూ ఫైరింజన్ షెడ్డు బయట, ఇంజన్ ఆన్‌లో ఉండాలి. యోమార్ స్టీరింగు ముందు, గుట్టోర్మ్ ఫిరంగి దగ్గర. గాలి పడమట నుంచి బలంగా వీస్తోంది, వాన పలచగా అడ్డంగా పడుతోంది. చిన్న విమానం రెండు మూడు సార్లు ఊగి, సరిగ్గానే దిగి, మలుపు తిరిగి వచ్చి ఎదురుగా నిలబడింది. కుడివైపు ప్రొపెల్లరు ఆపలేదు. ఊరి అంబులెన్స్ కంచె గేటు దాటి వచ్చి వెనకనుంచి చేరింది.

స్ట్రెచర్ దించారు. నారింజరంగు దుప్పటి, దాని పైన ఊలు టోపీ. ఓస్‌హిల్డ్ భుజాన సంచీతో పక్కన నడుస్తోంది, ఒక చెయ్యి స్ట్రెచర్ అంచు మీద. విమానం దగ్గర నర్సు చెయ్యెత్తి ఆగమంది. లోపల ఏదో పట్టీ ఇరుక్కుంది. వానలో అందరూ నిలబడ్డారు.

గుట్టోర్మ్ ఫైరింజన్ తలుపు తీశాడు.

"ఏయ్," అన్నాడు యోమార్. "విమానం ఇంజన్ ఆగలేదు. ఇప్పుడు దిగకూడదు."

గుట్టోర్మ్ దిగాడు. దిగి నడిచాడు. ఎంతో దూరం లేదు, కానీ బరువైన బూట్లతో గాలికెదురుగా ఆ నేల తరగలేదు. ఏమనాలో ఆలోచించుకోలేదు. ఏదో ఒకటి అంటే చాలనీ, తన నోటితో, పోస్టులో కాకుండా అనాలనీ మాత్రం ఉంది. ఓస్‌హిల్డ్ అతన్ని చూసింది. పక్కకు జరగలేదు, అడ్డమూ రాలేదు.

"ఐలిఫ్," అన్నాడు.

ఐలిఫ్ కళ్ళు తెరిచాడు. గాలిగొట్టం ముక్కుకి పెట్టి ఉంది, వాన చినుకులు కనురెప్పల మీద నిలిచాయి. అతను ముందు గుట్టోర్మ్‌ని కాదు, అతని భుజం మీదుగా వెనకనున్న ఎర్రబండిని చూశాడు. ఆ తర్వాత అతన్ని చూశాడు.

"బండిలో ఎవరున్నారు?"

"యోమార్."

"ఒక్కడేనా?"

"ఒక్కడే."

"ఇద్దరుండాలి," అన్నాడు ఐలిఫ్. కోపం లేదు. దగ్గరితనమూ లేదు. "వెళ్ళి కూర్చో."

లోపల పట్టీ ఊడినట్టుంది, నర్సు రమ్మని చెయ్యూపింది. స్ట్రెచర్ చక్రాలు కదిలాయి. గుట్టోర్మ్ ఇంకో అర నిమిషం అక్కడే నిలబడి, వెనక్కి తిరిగి, వచ్చిన దారినే నడిచి బండెక్కాడు. తడిసిన హెల్మెట్ పెట్టుకుని ఫిరంగి పిడి మీద చెయ్యి వేశాడు. యోమార్ అద్దాల మీది వైపర్ వేగం ఒక మెట్టు పెంచాడు.

తలుపు మూసుకుంది. రెండో ప్రొపెల్లరు తిరగడం మొదలెట్టింది. విమానం రన్‌వే చివరకి వెళ్ళి, తిరిగి, వేగం అందుకుని, వాళ్ళ ముందు నుంచి లేచి పడమటి వానలో కలిసిపోయింది. చప్పుడు ఇంకాసేపు వినబడి అదీ ఆగిపోయింది.

విమానం లేచాక కూడా పదిహేను నిమిషాలు బండి దిగకూడదు. ఏదైనా తేడా వస్తే అది వెనక్కే రావాలి. ఇద్దరూ ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నారు.